నలభై మూడో సీటు

'సగం పడక' అని రాసుంది టికెట్టు మీద.
మిగతా సగం సంగతి
కౌంటర్‌లో అమ్మాయి చెప్పలేదు, నేనూ అడగలేదు.
అన్నిట్లోకీ చవక ఇదేనంటే
చిల్లర నాణేలతో సహా లెక్కపెట్టి ఇచ్చాను.

లా పాస్ బస్టాండులో
ఊళ్ళని కూరగాయల్లా అమ్ముతారు.
పొతొసీ పొతొసీ పొతొసీ అని ఒకామె,
ఒరూరో ఒరూరోఓ అని ఆమె మీదికి ఇంకొకాయన.
కొనేసిన ఊరు చేతిలో పట్టుకుని
నేను బస్సెక్కి కూర్చున్నాను.

తొమ్మిదికి కదలాలి.
తొమ్మిదిన్నరకి ఎవరో ముసలాయన
బూటుకాలితో నేలని తట్టాడు.
తర్వాత ఆ వరసంతా. తర్వాత బస్సంతా.
బామోస్! బామోస్!
మొదట సిగ్గుపడ్డాను,
మూడో విడతలో నా కాళ్ళూ కలిపాను.
డ్రైవరు దోన్ ఫోర్తునాతో
తాపీగా సూపు ముగించి, మూతి తుడుచుకుని,
ముందు చక్రానికి నాలుగు చుక్కల సారా పోసి
అప్పుడు ఎక్కాడు.

నా పక్కన యులోహియా చోకే.
ఒకదాని మీద ఒకటి తొడిగిన పావడాలతో
తన సీటూ, నా దాంట్లో మూడో వంతూ నిండిపోయింది.
టోపీని మాత్రం
చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుంది.
మూట విప్పి నా చేతిలో ఏదో పెడితే గులకరాయి అనుకున్నాను.
బంగాళదుంపట.
మంచులో గడ్డ కట్టించి, కాళ్ళతో తొక్కి,
ఎండబెట్టి, మళ్ళీ ఉడకేసినది.
నమిలితే ముందు మట్టి,
ఆ తర్వాత ఏదో పాత చలికాలం.

హీటరు ఉందట. ఉందట, అంతే.
కిటికీ సందులోంచి గాలి సూదిలా చెవిలోకి.
చెవా, కాలా అని కాసేపు ఆలోచించి
కుడికాలి మేజోడు విప్పి ఆ సందులో కుక్కాను.
నాలుగు వేల మీటర్ల ఎత్తున
నిద్రకి కూడా ఆయాసమే.

ఇంకా తెల్లారలేదు, బస్సు ఆగింది.
రోడ్డు నిండా రాళ్ళు. ఒక టైరు కాలుతోంది.
చుట్టూ చలి కాచుకుంటూ మనుషులు.
నీళ్ళ కోసమని ఒకరన్నారు,
మేయరు మాట తప్పాడని ఒకరు.
యులోహియా ఒకే మాటంది: బ్లొకేఓ.
మనం 'వాన' అన్నట్టు.

నడవండి, అన్నాడు దోన్ ఫోర్తునాతో.
అవతల ఇంకో బస్సుంది.
వాళ్ళు ఇటొస్తారు, మీరు అటెళ్తారు.
లెక్కలు మేం చూసుకుంటాం.

మూట వీపుకి కట్టుకుని
కోడిని నాకిచ్చింది యులోహియా.
రాత్రంతా నా కాళ్ళ దగ్గరే ఉందట, గోనెసంచిలో.
కోటు లోపల దాచుకుని నడిచాను.
గుండె దడదడలాడుతోంది,
దానిదో నాదో తెలియలేదు.

రాళ్ళ మధ్య ఇరుకులో ఎదురొచ్చారు వాళ్ళు.
దుప్పట్లో టీవీ చుట్టుకుని ఒకాయన,
నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకుని ఒకామె,
ట్రాంబోను మోస్తూ ఒక కుర్రాడు.
దారివ్వడానికి నేను పక్కకి,
అదే పక్కకి వాడూ.
రెండుసార్లు ఇలా అయ్యాక నిలబడిపోయాం.
మీ బస్సులో హీటరు పనిచేస్తుందా? అడిగాడు.
అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.
మరి మీదాంట్లో?
నవ్వి, ట్రాంబోను భుజం మార్చుకుని వెళ్ళిపోయాడు.

ఈ బస్సులోనూ నలభై మూడే దొరికింది.
సీటు ఇంకా వెచ్చగా ఉంది.
ఎవరి వెచ్చదనమో, పేరు లేదు.
నేను అక్కడ వదిలినదాని మీద
ఈపాటికి ఎవరు కూర్చున్నారో.
కిటికీ సందులో
పసిపిల్లల ఉన్ని చేతితొడుగు కుక్కి ఉంది, ఎర్రది.
అప్పుడు గుర్తొచ్చింది నా కుడికాలు.

తొడుగు లాగి చూశాను. కాలికి రాదు.
గాలి మళ్ళీ చెవిలోకి దూరింది.
ఉన్నచోటే పెట్టేశాను.

కోడిని వెనక్కి తీసుకుంటూ
యులోహియా దాని పొట్ట తడిమి
నావైపు అనుమానంగా చూసింది,
గుడ్డేమైనా నొక్కేశానేమోనని.

కొత్త డ్రైవరు బయట సిగరెట్టు కాలుస్తున్నాడు.
అర్ధగంటైంది.
వెనకెక్కడో ఒక బూటు నేలని తట్టింది.
ఈసారి మొదటి విడతలోనే కలిపాను,
ఒక కాలు మేజోడుతో,
ఒక కాలు లేకుండా.